గాలికి తీసుకెళ్ళిన కోటు

చిన్నది సంచీ సర్దుకుంటోంది. నేను మంచం అంచున కూర్చుని దాని చొక్కాలు మడిచి అందిస్తున్నాను. మా దుకాణంలో మడతకి ఒక పద్ధతుంది. వీపు మీద పల్చటి కాగితం పరిచి, చేతులు వెనక్కి తిప్పి, కాగితంతో కలిపి మడవాలి. ఎంత దూరం వెళ్ళినా ముడత పడదు. చిన్నది నేనిచ్చిన ప్రతి చొక్కాలోంచీ కాగితం లాగేసి, మామూలుగా మడిచి సంచీలో కుక్కుతోంది.

"కాగితం ఏం చేసిందే నిన్ను?" అన్నాను.

"అక్కడిక్కూడా దుకాణం వాసన మోసుకెళ్ళాలా పెద్దమ్మా?" అంది.

సర్దిన సంచీ అంటే నాకు పడదు. ఓడలో పని దొరికిందని మా ఆయన వెళ్ళినప్పుడు ఆయన సంచీ నేనే సర్దాను. మా నాన్న ఆస్పత్రికి వెళ్ళినప్పుడు కూడా నేనే, తువ్వాలూ పొడుం డబ్బా పెట్టి. నా చేత్తో సర్దిన సంచీలేవీ మళ్ళీ ఇంటి గుమ్మం ఎక్కలేదు. అందుకని ఎవరైనా బయల్దేరుతుంటే వాళ్ళ సామానులోంచి చిన్న వస్తువొకటి తీసి దాచెయ్యడం నాకు అలవాటైంది. దానికోసమైనా వెనక్కొస్తారని. చిన్నది బీరువా వైపు తిరిగినప్పుడు దాని మేజోళ్ళ జతలోంచి ఒకటి తీసి దిండు కింద పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. మరిచిపోయిన వస్తువు కోసం వెనక్కి వెళ్ళిన పిల్ల ఈ ఇంట్లో ఒకతి ఉండేది. మేజోడు తీసి మళ్ళీ సంచీలో పెట్టేశాను.

కింద దుకాణంలో మా చెల్లెలుంది, చిన్నదాని తల్లి. నొక్కడానికి బట్టలు లేకపోయినా ఆవిరి ఇస్త్రీ మాటిమాటికీ బుస్సుమంటోంది. అది బుస్సుమన్నప్పుడల్లా చిన్నది మెట్లవైపు చూస్తోంది. తల్లి నోటినుంచి ఒక మాట రావాలి. ఆ ఒక్క మాటా వస్తే సంచీ విప్పేస్తానని నాతో చెప్పింది. వస్తుందో రాదోనని నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్తాను, వచ్చి కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. ఆ మాటేమిటో తెలియాలంటే ముందు కోటు సంగతి చెప్పాలి.

మాది బట్టలు శుభ్రం చేసే దుకాణం. కింద దుకాణం, పైన కాపురం. మరిది పోయాక చెల్లెలూ నేనూ నడుపుతున్నాం. మరకలు తియ్యడం దాని పని. గుండీలు, కాజాలు, చిరిగిన అస్తర్లు నా పని. పిల్లలిద్దరూ ఇస్త్రీ, కౌంటరు, ఇళ్ళకి అందించడం చూసేవాళ్ళు. పెద్దది నడిస్తే పరుగు, మాట్లాడితే నవ్వు. చిన్నది అక్క నీడ.

బయటికి చెప్పని అలవాటొకటి మా ఇంట్లో ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, కమ్మీకి తగిలించిన బట్టని దాని సొంతదారు వచ్చేలోపు ఒక పూట మేం వేసుకోవడం. దీన్ని మేం గాలికి తీసుకెళ్ళడం అనేవాళ్ళం. "జడ్జిగారి భార్య శాలువా పాపం ఎన్నాళ్ళనించో వేలాడుతోంది, కాస్త గాలికి తీసుకెళ్ళొస్తా" అని పెళ్ళికి ముందే మొదలుపెట్టింది మా చెల్లెలు. మరిదితో మొదటిసారి నాటకం చూడ్డానికి వెళ్ళింది ఆ శాలువాతోనే. పెళ్ళయిన ఏడాదికిగానీ శాలువా తనది కాదని ఆయనకి తెలియలేదు. "ఊళ్ళో బీరువాలన్నీ మనవే, తాళాలే వాళ్ళ దగ్గర ఉన్నాయి" అని ఆయనా నవ్వేసేవాడు. దానికి కట్టుబాట్లున్నాయి. తిండి దగ్గరికి వేసుకెళ్ళకూడదు. సొంతదారు ఉండే వీధిలో అడుగు పెట్టకూడదు. సెంటు పూసుకోకూడదు. ఏ కొక్కెం నుంచి తీశామో ఆ కొక్కేనికే మర్నాడు పొద్దున్నకల్లా తగిలించాలి. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు, ఎక్కడా విప్పకూడదు. విప్పితే మరిచిపోతాం.

తప్పే, కాదనను. పాలలో నీళ్ళు కలపని పాలవాడు ఉంటే వాడు వచ్చి మమ్మల్ని అడగాలి.

అప్పట్లో రోజూ సాయంత్రం టీవీలో వార్తలు చదివే మనిషి ఒకడుండేవాడు. ఊరంతా అతన్ని 'మన అబ్బాయి' అనేది. అతను చివర్లో "సెలవు" అనగానే ముసలివాళ్ళు టీవీ వైపు చూసి "మంచిది నాయనా" అని జవాబు చెప్పేవాళ్ళు. నేనూ చెప్పేదాన్ని. అతని కోట్లు మా దుకాణానికే వచ్చేవి. వాటిని టీవీ ఆఫీసుకి అందించేది పెద్దది. అందించి రావడానికి మొదట్లో కాసేపే పట్టేది, తర్వాత తర్వాత ఎక్కువ పట్టింది. కొన్నాళ్ళకి సెలవు రోజుల్లో కూడా వెళ్ళడం మొదలుపెట్టింది, అతని ఇంటికి. పెద్దింటి వీధికి మామూలు బట్టలతో ఏం వెళ్తుంది? కమ్మీ మీద ఒక ఆకుపచ్చ ఉన్ని కోటు ఉండేది. పళ్ళ డాక్టరుగారి భార్యది. ఆవిడని మేం చాటున పళ్ళావిడ అనేవాళ్ళం. ఆ కోటు అస్తరు నేనే కొత్తగా వేశాను. అది పెద్దదానికి కుట్టించినట్టు సరిపోయింది.

ఒక సాయంత్రం పెద్దది కోటు లేకుండా ఇంటికొచ్చింది. పై పెదవి వాచి ఉంది. బస్సు మెట్టు తప్పానంది. కోటేదంటే మరిచిపోయానంది. తల్లి కసిరింది. నేను పెదవికి మంచుగడ్డ గుడ్డలో చుట్టి ఇచ్చాను. మొహం కడుక్కుంటూ చిన్నదానితో మాత్రం, "ఆ ఇంటికి ఇంక వెళ్ళనే" అందట. ఎందుకంటే చెప్పలేదట.

ఆ మరుసటి వారం, గురువారం మధ్యాహ్నం పళ్ళావిడ ఫోను చేసింది. మర్నాడు పొద్దున్నే ఊరికి వెళ్తున్నాను, దారిలో ఆగి కోటు తీసుకుంటానంది.

చెల్లెలు ఫోను పెట్టేసి పెద్దదానివైపు తిరిగింది. "ఎక్కడ మరిచావో అక్కడికెళ్ళి పట్రా."

"ఆవిడకి వేరే ఏదైనా చెబుదామమ్మా."

"ఏం చెప్తావు? గాలికి ఎగిరిపోయిందనా? ఆవిడ నోరు నీకు తెలుసు. సాయంత్రంకల్లా ఊరంతా చాటుతుంది. వెళ్ళు."

తనూ వస్తానని చిన్నది ఇస్త్రీ దగ్గరనుంచి లేచింది. హోటలు దుప్పట్లు గుట్టలా పడి ఉన్నాయి, కదలడానికి వీల్లేదంది తల్లి. "నేను లోపలికి కూడా వెళ్ళనే. గుమ్మంలోనే తీసుకుని వచ్చేస్తా" అని పెద్దది తన పాత స్వెట్టరు తొడుక్కుని వెళ్ళింది.

ఆ సాయంత్రం మన అబ్బాయి వార్తలు చదవలేదు. ఇంకెవరో చదివారు. అతను పెద్దదాన్ని గొంతు నులిమి చంపి, తనే పోలీసులకి ఫోను చేసి, వాళ్ళొచ్చేదాకా మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

కేసు నడిచినన్నాళ్ళూ పేపర్లలో ఒకే ఫొటో. అతని ఇంటి ముందుగది, తలుపు పక్కన కొక్కెం, కొక్కేనికి ఆడవాళ్ళ కోటు. పేపర్లో అది నల్లగానే కనిపించేది. అలాంటివి ఆ ఏడు ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకున్నాయి. అందుకే పళ్ళావిడ పోల్చుకోలేదు. ఆవిడకి, ఇస్త్రీ కింద కాలిపోయిందని చెప్పి మా చెల్లెలు కొత్తది కొనిచ్చింది. ఆవిడ దానికీ వంకలు పెట్టి తీసుకుంది.

అతని లాయరు కోర్టులో ఆ ఫొటో పైకెత్తి పట్టుకున్నాడు. వెనకటి వారమే కొట్టాడని పక్కింటివాళ్ళు అంటున్నారు, మరి కొట్టినవాడి ఇంటికి ఈ అమ్మాయి తనంతట తనే ఎందుకు తిరిగి వెళ్ళింది, అన్నాడు. తలుపు బద్దలు కొట్టుకుని ఎవరూ లాక్కెళ్ళలేదే, అన్నాడు. "కోటు విప్పి, సొంత ఇల్లు లాగా కొక్కేనికి తగిలించిన మనిషి భయపడిన మనిషా?" అన్నాడు. నేను ఆ మాట పేపర్లో చదివాను. నేను బళ్ళోకి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. బట్టలు చుట్టే పాత పేపర్ల మీదే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నందుకు నేను బాధపడింది ఆ ఒక్క రోజే.

అంతకుముందే చెల్లెలు మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట తీసుకుంది. కోటు సంగతి బయటపడితే రేపట్నుంచి గుడ్డపీలిక కూడా ఎవరూ మన దగ్గరికి తీసుకురారు, సరే, దుకాణం పోతే పోయింది, చచ్చినదాన్ని దొంగని చెయ్యమంటారా, అంది. మేం తలూపాం. బోనులో నిలబెట్టి, ఆ సాయంత్రం మీ అమ్మాయి అక్కడికి ఎందుకు వెళ్ళిందని అడిగితే, "నాకు తెలియదండీ" అంది చెల్లెలు. తెలియదన్నప్పుడు చేతులు ముందుకి చాచి ఏదో మడతపెట్టినట్టు కదిపింది. చిన్నది నా మోచేయి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

తీర్పులో హత్య అనలేదు. మాటామాటా పెరిగి ఆవేశంలో జరిగిన మరణం అన్నారు. ఆమె తన ఇష్టంతోనే తిరిగి వెళ్ళింది గనుక, అని ఒక వాక్యం అందులో ఉంది. కొద్ది సంవత్సరాలు శిక్ష. కోర్టు బయట కొందరు చప్పట్లు కొట్టారు. అతన్ని వ్యానెక్కిస్తుంటే ఒక ముసలావిడ "మంచిది నాయనా" అని చెయ్యెత్తింది.

ఆ తర్వాత వారం రోజులు ఊళ్ళో ఎవరికీ వేరే మాట లేదు. మాకు తెలియదనుకుని మాట్లాడేవాళ్ళు కొందరు. తెలిసే మాట్లాడేవాళ్ళు ఎక్కువ. రొట్టెల కొట్టు ముందు వరసలో నా ముందున్నాయన, తిరిగి ఆడది చెడుతుంది, తిరక్క మగాడు చెడతాడు అన్నాడు, తనే కనిపెట్టినట్టు. నన్ను చూసి వెనకున్నావిడ అతని జబ్బ గిల్లింది. అతను "సామెత అన్నానమ్మా, ఎవరినీ అనలేదు" అన్నాడు. రేడియోలో ఫోన్లు చేసి ఎవరెవరో చెప్పారు. పిల్లని పెంచడంలో ఉందన్నారు. తండ్రి లేని ఇల్లన్నారు. అంత పేరున్నవాడి వెంట పడితే ఇంతే అన్నారు. ఒక కాలేజీ పంతులు, నేరం నేరమేనండీ, కానీ, అని మొదలుపెట్టి ఆ 'కానీ' మీదే అరగంట కూర్చున్నాడు. మంచివాళ్ళు కూడా ఉన్నారు. ఎదురింటి కుర్చీలల్లేవాడు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి, ఏం మాట్లాడకుండా వెళ్ళేవాడు. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అని ఎన్ని నోళ్ళు అన్నాయో లెక్క లేదు. అందరూ ఆకుకే బుద్ధి చెప్పారు. ముల్లుతో ఒక్కరూ మాట్లాడలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా మా గుమ్మంలోకి వచ్చిన ప్రశ్న ఒకటే. "మళ్ళీ ఎందుకు వెళ్ళిందంటారు?" అది అడగడానికే ఇస్త్రీ అక్కర్లేని రుమాళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. చెల్లెలు తల వంచుకుని చీటీ గుచ్చేది. చిన్నది పిన్నీసులు నోట్లో పెట్టుకుని పనిచేసేది. నోరు తెరవకుండా ఉండడానికేనని నాకు తర్వాత తెలిసింది.

శనివారం దుకాణం నిండా జనం. చెల్లెలు వెనకగదిలో మరకల బల్ల దగ్గర ఉంది. కౌంటర్లో చిన్నది, పక్కన గుండీల డబ్బాతో నేను. పళ్ళావిడ తలుపు తీసుకుని వచ్చింది. మేం కొనిచ్చిన కొత్త కోటు తొడుక్కుని, చేతిలో కర్టెన్ల మూటతో. మూట కౌంటరు మీద పడేసి, పక్కనున్నావిడతో మొదలుపెట్టింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పోయిన పిల్లని అనకూడదు గానీ, అంటూ అన్నీ అంది. దెబ్బ తిన్నాక ఏ ఆడదైనా ఆ గుమ్మం తొక్కుతుందా, ఏదో ఆశ ఉండబట్టే కదా, అంది. మా చిన్నదాని వైపు జాలిగా చూసి, "నువ్వేమనుకోకమ్మా, నీ మేలు కోరే చెప్తున్నా. మీ అక్క కోటు తగిలించి మరీ కూర్చుందంటే..." అంది.

చిన్నది నోట్లోని పిన్నీసులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"ఆ కోటు మీదండీ" అంది.

పళ్ళావిడ నవ్వింది. "నాదేమిటి?"

"మీదే. ఆకుపచ్చది. అస్తరు మా పెద్దమ్మ వేసింది. ఇస్త్రీ కింద కాలిపోలేదు. మా అక్క ముందు వారం అది వేసుకుని అతనింటికి వెళ్ళింది. అతను కొడితే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆ కొక్కేనికి తగిలించింది అతను. మీకు పొద్దున్నే కావాలని ఫోను చేశారు. దానికోసమే వెళ్ళింది. లోపలికి కూడా వెళ్ళనంది."

చెల్లెలు వెనకగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో తడిగుడ్డతో.

"పిల్లకి మతి చలించిందండీ" అంది చెల్లెలు.

"అమ్మా, నువ్వు చెప్పు" అంది చిన్నది. "ఎవరు వెళ్ళమన్నారో నువ్వే చెప్పు. వీళ్ళందరూ అడుగుతున్నారుగా ఎందుకెళ్ళిందని."

చెల్లెలు తడిగుడ్డ పిండింది. నీళ్ళు చెప్పుల మీద పడ్డాయి.

నేను జనం మొహాలు చూశాను. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు అందరూ అయ్యో అంటారు, అనుకున్నాను. పళ్ళావిడ కర్టెన్ల మూట మెల్లిగా తనవైపు లాక్కుంది.

"అంటే, నా కోటు వేసుకుని ఆ పిల్ల వాడి దగ్గరికి..." అని ఆగింది. "దొంగబుద్ధి కూడా ఉందన్నమాట."

పక్కనున్నావిడ తను ఇవ్వబోయిన స్కర్టు వెనక్కి తీసుకుని సంచీలో పెట్టుకుంది. మూలనున్న ఒకాయన తన కోటు చంక దగ్గర ఎత్తి వాసన చూసుకున్నాడు. ట్రాము నడిపే ముసలాయన ఒకడు మాత్రం, "అయితే పాపం కోటు కోసం వెళ్ళిందా" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. తన ప్యాంటు అందుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పేపర్లో 'దొంగ కోటు' అని పెద్ద అక్షరాలతో వేశారు. అదే ఫొటో మళ్ళీ వేశారు. ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళిందని అడిగినవాళ్ళకి జవాబు దొరికింది. దొరికాక వాళ్ళు జాలిపడలేదు, ఊపిరి పీల్చుకున్నారు. ఊరివాళ్ళ బట్టలు కాజేసే ఇల్లు, ఆ ఇంటి పిల్ల అలా కాక ఎలా పోతుంది, అన్నారు. రేడియోలో కాలేజీ పంతులు మళ్ళీ వచ్చాడు. జనం గుంపులుగా వచ్చి బట్టలు తీసుకెళ్ళిపోయారు. ఉతకనివి కూడా తీసుకెళ్ళారు. దీపం వెలుతురు దగ్గర పట్టుకుని మెడపట్టీలూ చేతుల అంచులూ తిప్పి చూసుకున్నారు. పోయిన ఏడాది మరక కూడా మాదేనన్నది ఒకావిడ. కమ్మీ మీద మిగిలినవి సొంతదారులు తిరిగిరాని నాలుగు బట్టలు.

చిన్నది ప్రభుత్వ లాయరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ ముక్క బోనులో చెప్పి ఉంటే వేరేగా ఉండేదమ్మా, ఇప్పుడు తలుపులు మూసేశారు, అన్నాడట.

ఆ మధ్యాహ్నం వంటగదిలో తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. నేను కూర తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టేశాను, ఎందుకో భయమేసి.

"నీ అక్కని రెండోసారి చంపావు" అంది చెల్లెలు.

"మొదటిసారి ఎవరు పంపారమ్మా?"

చెల్లెలు వంటగదిలోంచి కిందికి దిగి ఇస్త్రీ వేడిచేసింది. నొక్కడానికి ఏం లేదు. అప్పట్నుంచి ఒకే ఇంట్లో ఇద్దరూ నా చేత మాటలు మోయించుకున్నారు. ఉప్పు అందించమని చెప్పు పెద్దమ్మా. కిటికీ వెయ్యమని చెప్పక్కా. మూగనోము పట్టిన ఇద్దరి మధ్య నేను గంటలా అటూ ఇటూ మోగాను. రాత్రి గడియ వేశానో లేదోనని ఎన్నిసార్లు చూసినా నాకు నమ్మకం కలిగేది కాదు. మళ్ళీ దిగి చూసేదాన్ని.

ఒకసారి చెల్లెలు పొయ్యి ముందు కూర్చుని ఉంటే ఉండబట్టలేక అడిగాను. దానికి కావలసింది ఒక్క మాటే కదే, నేనే పంపానని ఎవరిముందైనా అను, ఆ ట్రాము ముసలాయనతోనైనా అను, అన్నాను. అది నావైపు చూడకుండా, "ఆ మాట నా నోటినుంచి బయటికొస్తే నిజమైపోతుందక్కా" అంది. ఇప్పటిదాకా అబద్ధమా అని అడగబోయి ఊరుకున్నాను.

తర్వాత చిన్నదానికి కంటి ఆస్పత్రిలో వార్డు పని దొరికింది. రెండు రోజుల ప్రయాణం. అక్కడ మన మొహాలెవరికీ తెలియవు పెద్దమ్మా అంది. అలా ఈ సంచీ దగ్గరికి వచ్చాం.

సంచీ తాడు బిగించింది. మూడు మెట్లు దిగి ఒకసారి ఆగింది. నేను వెనకనుంచి దాని జడ చూస్తున్నాను. ఇస్త్రీ చప్పుడు ఆగిపోయింది.

చెల్లెలు కౌంటరు పక్కన నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నోరు ఒకటి రెండుసార్లు తెరిచింది. వస్తోంది, మాట వస్తోంది, అని నేను గోడ పట్టుకున్నాను.

"బయట చలి" అంది.

అని కమ్మీ దగ్గరికి వెళ్ళి, మిగిలిన నాలుగు బట్టల్లోంచి బూడిదరంగు కోటు తీసింది. మంచి కోటు. ఎవరో పోయిన చలికాలం ఇచ్చి మళ్ళీ రాలేదు. దుమ్ము దులిపి, మెడపట్టీ సరిచేసి, రెండు చేతులతో తెరిచి పట్టుకుంది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు పట్టుకున్నట్టు. "వేసుకో. వాళ్ళింక రారు."

చిన్నది కోటుని చూసింది. లోపలివైపు గుచ్చిన చీటీని వేళ్ళతో పట్టుకుని చదివింది. తర్వాత తల్లి చేతుల్లోంచి దాన్ని మెల్లిగా తీసుకుని, వెళ్ళి కమ్మీ మీద దాని కొక్కేనికే తగిలించింది. గుండీ కూడా పెట్టింది, భుజాలు జారకుండా.

"నేనెళ్ళొస్తా" అంది. అలవాటుగా అన్న మాటే.

స్వెట్టరుతోనే వెళ్ళింది. నేను వీధి మలుపుదాకా వెంట నడిచాను. సంచీ నాకివ్వలేదు. బస్సు మెట్టెక్కుతుంటే జాగ్రత్తే, మెట్టు, అన్నాను. వెనక్కి చూసి నవ్వింది, అక్కలాగే.

కోర్టువాళ్ళు ఆకుపచ్చ కోటు గోధుమరంగు కాగితం సంచీలో పెట్టి ఇచ్చారు. 'మీ అమ్మాయి వస్తువు' అన్నారు. పళ్ళావిడ తనకి అక్కర్లేదంది. చెల్లెలు దాన్ని స్వయంగా ఉతికి, ఆవిరి పట్టి, కమ్మీకి తగిలించింది. దుకాణం పూర్తిగా మూతపడలేదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు, మా సంగతి తెలియనివాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారు. తర్వాతి చలికాలంలో అలాంటి ఒకావిడ చంటిబిడ్డ దుప్పటి ఇవ్వడానికి వచ్చి, ఆ కోటు బాగుంది, ఎవరిది, అమ్ముతారా అని అడిగింది.

"అమ్మనండీ" అంది చెల్లెలు. "మా పెద్దమ్మాయి దానికోసం వెళ్ళింది. నేనే పంపాను."

ఆవిడకి ఏం అర్థం కాలేదు. దుప్పటి ఎప్పుడిస్తారని అడిగింది. చెల్లెలు రేపంది. గుండీల డబ్బా ముందు నేనొక్కదాన్నే ఉన్నాను వినడానికి. ఆ మాట రాసి చిన్నదానికి పంపాను. జవాబు రాలేదు.

పెద్దది గురువారం సాయంత్రం వెళ్ళింది. రాలేదు. చిన్నది ఆ మరుసటి ఏడు చలి తగ్గకముందే, ఒక మంగళవారం ఉదయం వెళ్ళింది. అదీ రాలేదు.